మడమ నుంచి నాలుగు చుక్కలు

ఈ వారం సికింద్రాబాద్‌లో ఒక పసిబిడ్డ డిశ్చార్జి ఫైలు నా చేతికొచ్చింది. బరువు, బ్లడ్ గ్రూపు, టీకాల పట్టిక, పుట్టిన నిమిషం, అన్నీ ఉన్నాయి. థైరాయిడ్ పరీక్ష లేదు. అడిగితే ‘కావాలంటే బయట చేయించుకోండి’ అన్నారట. ఒళ్లు మండింది.

పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి లేకపోయినా, సరిగా పనిచేయకపోయినా మొదట్లో బిడ్డను చూసి చెప్పలేం. తల్లి నుంచి వచ్చిన హార్మోను కొన్నాళ్లు కాస్తుంది. ఆ తర్వాత కామెర్లు త్వరగా తగ్గవు, విరేచనం సాఫీగా కాదు, గొంతు బొంగురుపోతుంది. పాలు కూడా తాగకుండా నిద్రపోతుంటే ‘మా బంగారం, ఏడవనే ఏడవడు’ అని అమ్మమ్మ మురిసిపోతుంది. మెదడు దెబ్బతినేది ఆ వారాల్లోనే. రెండు వారాల్లోపు లెవోథైరాక్సిన్ మొదలుపెడితే దాదాపు ఈ పిల్లలందరూ తోటివాళ్లలాగే ఎదుగుతారు. మాత్రను పొడిచేసి, చెంచాడు తల్లిపాలలో కలిపి రోజూ పట్టాలి. అంతే వైద్యం. నెలలు గడిచాక పోయిన తెలివిని ఏ మందూ తిరిగి తేలేదు.

అరుదైన జబ్బు కదా అని తీసిపారేసేవాళ్లకు మన ఊరి లెక్కే చెబుతాను. హైదరాబాద్‌లోని నాలుగు ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రుల్లో 18,300 మంది శిశువులను పరీక్షిస్తే సుమారు 1,700 మందికి ఒకరిలో ఈ లోపం బయటపడిందని 2004లోనే ప్రచురించారు. తర్వాత ఐసీఎంఆర్ హైదరాబాద్ సహా ఐదు నగరాల్లో లక్షమందికి పైగా పసికందులను చూస్తే 1,130 మందికి ఒకరు తేలారు. మేనరికాలు ఇంకా పోని చోట దీన్ని తేలిగ్గా తీసుకోవడానికే లేదు. కెనడాలోని క్యూబెక్‌లో ఈ పరీక్ష 1970లలోనే మొదలైంది. గోవా 2008లో పూనుకుంది. 2013లో కేంద్రం తెచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మాత్రం దీన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. ఇష్టానికి వదిలితే ఎవరు చేస్తారు?

ఈ పరీక్షలో కొలిచే టీఎస్‌హెచ్ అనే హార్మోను పుట్టగానే సహజంగానే ఎగసి ఉంటుంది కనుక మడమ రక్తం రెండు మూడు రోజులు ఆగి తీస్తే మంచిది. ‘అప్పటిదాకా తల్లులు ఆస్పత్రిలో ఉండరు’ అంటారు. ఉండకేం? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 81.5 శాతం. కోత పడ్డ తల్లి మూడు రోజులైనా మంచం మీదే ఉంటుంది. నర్సు వచ్చి నాలుగు చుక్కలు తీయడానికి ఆ సమయం చాలదా?

ఆ కోతల సంగతీ చెప్పాలి. నక్షత్రం చూసి, పంతులుగారు చెప్పిన గడియకు ఆపరేషన్ పెట్టించే ఇళ్లు మారేడుపల్లిలో ఉన్నాయి, చిలకలగూడలోనూ ఉన్నాయి. మంచి గడియ దాటిపోతుందని నెలలు పూర్తిగా నిండకముందే కోయిస్తే బిడ్డ ఊపిరి అందక ఇంక్యుబేటర్‌లో పడుకోవలసి రావచ్చు. ఇంటివాళ్లకు తెలియదనుకుందాం, డాక్టరుకు తెలుసు. వైద్య కారణం లేకుండా 39 వారాలు నిండకముందు కత్తి పట్టనని ఆ డాక్టరే చెప్పాలి. ముహూర్తాన్ని ఒప్పుకుని థియేటర్ సిద్ధం చేసే ఆస్పత్రి, మూడో రోజు టీఎస్‌హెచ్ దగ్గరికి వచ్చేసరికి ‘మీ ఇష్టం’ అంటే నేను ఒప్పుకోను.