చూశాను గానీ కనపడలేదు

రోడ్డు ప్రమాదం జరిగి క్యాజువాల్టీకి వచ్చినవాళ్లను ఎలా జరిగిందని అడిగితే మాకు తరచూ వినిపించే జవాబు ఒకటుంది. ‘అటూ ఇటూ చూశానండీ, బండి కనపడలేదు.’ వెంట వచ్చిన బంధువులు అక్కడే తిట్లు మొదలెడతారు. అబద్ధమాడుతున్నాడనే అనుకుంటారు. చాలాసార్లు అది అబద్ధం కాదు. కళ్లు తెరిచి, అటువైపే తల తిప్పి కూడా ఎదురుగా ఉన్నదాన్ని చూడకపోవడం ఆరోగ్యవంతులకూ జరుగుతుంది. పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద రోజూ పిల్లల్ని, పెద్దల్ని ఎక్కించుకుని తిరిగే మీరు ఈ సంగతి తెలుసుకోవాలి.

చేయి ముందుకు చాచి బొటనవేలు నిలబెట్టండి. ఇంచుమించు ఆ గోరంత మేరలోనే మీ చూపు పూర్తి స్పష్టంగా ఉంటుంది. చుట్టూ మిగతాదంతా మసకే. ఆ సంగతి మనకు తెలియకపోవడానికి కారణం, కళ్లు సెకనుకు మూడుసార్ల దాకా ఒకచోటు నుంచి మరోచోటికి దూకుతూ ఉండటం. దూకే ఆ క్షణంలో మెదడు చూపును దాదాపు ఆపేస్తుంది. వదిలిన ఖాళీలను ‘అక్కడ రోడ్డే ఉండి ఉంటుంది’ అని తనే పూరించుకుంటుంది. మలుపు దగ్గర తల గబగబా అటూ ఇటూ తిప్పేస్తే, రెండు చూపుల మధ్య ఖాళీలో ఒక మోటారు సైకిల్ హాయిగా ఇమిడిపోతుంది.

కంట్లో పడినా మనసు అక్కడ లేకపోతే లాభం లేదు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే శాస్త్రవేత్తలు కొందరికి ఒక వీడియో చూపి, ఆటగాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసిన మనిషి నడిచి వెళ్లింది. చూసినవాళ్లలో దాదాపు సగం మంది ఆ గొరిల్లాను గమనించనే లేదు. ఫోన్‌ను హెల్మెట్‌లో దోపుకుని, చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా అనేవాళ్లకు ఈ సంగతి చెప్పాలి. చేతుల కన్నా ముందు ఖాళీగా ఉండాల్సింది మెదడు.

ఇక చూసిన తర్వాత ఏం చేయాలో తేల్చుకోవడానికి పట్టే సమయం వేరు. డచ్ వైద్యుడు డాండర్స్ 1868లోనే దీన్ని కొలిచి ప్రకటించారు (ఆయన పేరున్న కంటి డాక్టరు కూడా). రెండు పాదాల్లో ఒకదానికి చిన్న కరెంటు తగిలించి, అదే వైపు చేతిని కదపమన్నారు. ఏ వైపో ముందే చెప్పినప్పటి కంటే, చెప్పనప్పుడు సెకనులో 15వ వంతు ఆలస్యమైంది. రెండే దారులున్నప్పటి లెక్క ఇది. దారులు పెరిగేకొద్దీ ఆలస్యమూ పెరుగుతుందని 1952లో హిక్ చూపారు.

రోడ్డు మీద ఎన్ని దారులో చూడండి. వానాకాలం చీకట్లో తారురోడ్డు మీద పడుకున్న గేదె కనపడింది. బ్రేకు వేయాలా, హారన్ కొట్టాలా, కట్ కొట్టాలా, కొడితే ఎటు? ఊహించనిది ఎదురైతే బ్రేకు పడటానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ లోపే బండి 25 మీటర్లు వెళ్లిపోతుంది. పొడి రోడ్డు మీద ఆగడానికి మరో 20 మీటర్లు. మొత్తం 45. డిమ్ లైటు పెట్టిన బైకుకు అంత దూరంలోని నల్లగేదె కనపడటమే కష్టం. అదే 40లో వెళ్తే 26 మీటర్లలో ఆగుతారు. చీకటి పడ్డాక అడవి దారిలో 40 దాటకపోవడం పిరికితనమని నవ్వే కుర్రాళ్లకు ఈ కూడికను కాగితం మీద వేసి చూపించండి. ‘అడ్డమొస్తే ముందు బ్రేకే, కట్ కొట్టను’ అని బండెక్కేటప్పుడే అనుకుంటే తేల్చుకునే పని కొంత తగ్గుతుంది. ఎదురుగా లారీ వస్తుంటే కట్ కొట్టడం గేదెను గుద్దడం కన్నా ప్రమాదం.

ఈ ఒకటిన్నర సెకను నిద్రమత్తులో ఇంకా సాగుతుంది. కేటీపీఎస్‌లో రాత్రి షిఫ్టు దిగి ఇంటికి బయలుదేరేవారు ఒక పావుగంట కునుకు తీసి బండెక్కడం మంచిది. జలుబుకు, దురదకు వేసుకునే పాతరకం మాత్రలు మత్తు తెలియకపోయినా స్పందనను మందగింపజేస్తాయి. షుగరు మాత్రలు వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చక్కెర పడిపోయి, ఎదురుగా ఉన్నది కనపడినా ఏం చేయాలో తోచదు. శుక్లం ముదురుతున్నవారికి ఎదుటి హెడ్‌లైటు పడ్డాక చూపు కుదుటపడటానికి ఎక్కువసేపు పడుతుంది. ఇవన్నీ ఇంట్లో పెద్దాయనకు ఉంటే రాత్రిపూట తాళాలు కొడుకో కూతురో తీసుకోవాలి. ఆయన నొచ్చుకుంటారు. అయినా తీసుకోవాలి.

నలభై దాటినవారు లైసెన్సు కోసం ఫారం 1ఎ మీద డాక్టరు సంతకం తీసుకోవాలి. ‘ఓ సంతకమే కదా సార్’ అంటూ మనిషి రాకుండా కాగితం పంపేవాళ్లున్నారు. చూడకుండా పెట్టే డాక్టర్లూ ఉన్నారు. నా మట్టుకు ఇది ఆపాల్సిన అలవాటు. కంటి పరీక్ష, షుగరు, వాడే మందులు, నిద్ర అన్నీ అడగడానికి మాకు దొరికే అవకాశం ఆ ఒక్క కాగితమే. మీరే రండి. వచ్చేటప్పుడు కళ్లద్దాలు, రోజూ వేసుకునే మాత్రల షీట్లు వెంట తెచ్చుకోండి.