పాలు చాలకా... పట్టు కుదరకా?

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి వారం తిరగదు. బిడ్డ రొమ్ము నోట్లో పెట్టుకుంటాడు, రెండు నిమిషాలకే వదిలేసి గుక్కపట్టి ఏడుస్తాడు. ‘పాలు సాల్తలేవు బిడ్డా, డబ్బా పాలు పట్టు’ అంటుంది అమ్మమ్మ. నల్గొండలో అయినా, మహబూబ్‌నగర్‌లో అయినా చాలా ఇళ్లలోకి పాలసీసా వచ్చేది ఈ మాటతోనే!

నిజానికి చాలాసార్లు కొరత పాలది కాదు, పట్టుది. చనుమొన ఒక్కటే నోట్లో ఉంటే బిడ్డ ఎంత చప్పరించినా పాలు సరిగ్గా రావు. పైగా తల్లికి పుండ్లు, నొప్పి. ఆ భయంతో పాలివ్వడం తగ్గిస్తే, ఊరడమూ తగ్గుతుంది. బిడ్డ తాగేకొద్దీ ఊరేవే తల్లిపాలు మరి!

మరేం చేయాలి? బిడ్డ తల, వెన్ను ఒకే వరుసలో, పొట్ట తల్లికి ఆని ఉండాలి. నోరు బాగా తెరిచాకే రొమ్ముకు దగ్గరగా తీసుకోవాలి. చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లటి భాగం చాలావరకు నోట్లోకి వెళ్లాలి. గడ్డం రొమ్ముకు తగలాలి, కింది పెదవి బయటికి తిరగాలి. గుటకలు వినిపిస్తే పట్టు కుదిరినట్టే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలల్లోపు బిడ్డల్లో కేవలం తల్లిపాలు తాగుతున్నవారు 68 శాతమే. ప్రసవాల్లో 60 శాతానికి పైగా సిజేరియన్లు. కుట్ల నొప్పితో కూర్చోలేని తల్లి పక్కకు తిరిగి పడుకునీ పాలివ్వొచ్చు. బిడ్డను చంక కింద పట్టుకుంటే పొట్టమీద బరువు పడదు.

ఎండాకాలమైనా సరే, ఆరు నెలలదాకా చుక్క నీళ్లు పట్టనక్కర్లేదు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే! ఫ్లోరైడ్ పీడించిన నల్గొండ పల్లెలకు ఇది మరీ ముఖ్యం. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా పాలలోకి చేరేది చాలా తక్కువ. అదే బోరునీళ్లతో డబ్బా పాలు కలిపితే, ఆ ఫ్లోరైడంతా బిడ్డ కడుపులోకే.

మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. అలా లేకపోతే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి. నొప్పి తగ్గకపోతే ఏఎన్ఎంనో, ఆశా కార్యకర్తనో పిలిచి, పాలిచ్చేటప్పుడు పక్కన కూర్చుని చూడమనండి. సీసా కొనేముందు ఆ పదినిమిషాలు చాలా విలువైనవి!