ఎఫ్‌ఎం గొంతుకు చౌక కొలబద్ద
* మాడ్యులేషన్‌ పెరిగినా, తగ్గినా శ్రోతకే నష్టం
* చిన్న రేడియో కేంద్రాలకు అందుబాటులోకి పరీక్ష

ఎఫ్‌ఎం ప్రసారాలు చిన్న పట్టణాలకు విస్తరిస్తున్నాయి. 100 వాట్ల సామర్థ్యం గల 91 ఆకాశవాణి ట్రాన్స్‌మిటర్లు 2023 ఏప్రిల్‌ 28న ఒకేసారి ప్రారంభమయ్యాయి. 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఛానళ్ల వేలానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. వాటిలో ఆంధ్రప్రదేశ్‌ పట్టణాలు 22, తెలంగాణవి 10 ఉన్నాయి. కేంద్రాలు పెరిగేకొద్దీ ఒకదాని స్వరం మరొకదానికి అడ్డు రాకుండా చూడటం కీలకమవుతుంది. ఒకప్పుడు లక్షల రూపాయల పరికరాలు కావలసిన ఈ పరీక్షను ఇప్పుడు కొన్ని వేల రూపాయల రిసీవరుతో చేసుకోవచ్చు.

హద్దు 75 కిలోహెర్ట్జ్‌
ధ్వని తీవ్రతను బట్టి ఎఫ్‌ఎం తరంగం తనకు కేటాయించిన పౌనఃపున్యానికి అటూ ఇటూ కదులుతుంది. ఒక్కో వైపు 75 కిలోహెర్ట్జ్‌ కదిలితే దాన్ని నూరు శాతం మాడ్యులేషన్‌గా లెక్కిస్తారు. అది మించితే మాట బొంగురుపోవడమే కాక పక్క ఛానల్‌లో అలజడి రేగుతుంది. సగానికి తగ్గితే ధ్వని 6 డెసిబెళ్లు పడిపోతుంది. శ్రోత శబ్దం పెంచుకుంటే దాంతోపాటు గరగర కూడా పెరుగుతుంది.

ఈ నష్టం సామాజిక రేడియోలకే ఎక్కువ. 2008లో జహీరాబాద్‌ ప్రాంతంలోని మాచనూరులో గ్రామీణ మహిళలు ప్రారంభించిన సంఘం రేడియో వంటి కేంద్రాల ప్రసార సామర్థ్యం సాధారణంగా 100 వాట్లకే పరిమితం. మాట సరిగా వినిపించకపోతే ట్రాన్స్‌మిటర్‌నో, యాంటెన్నానో అనుమానించడం సహజం. లోపం స్టూడియోలో ధ్వని స్థాయి అమరికలో ఉంటే మాత్రం ఒక్క వాటు కూడా పెంచకుండానే సరిదిద్దుకోవచ్చు.

టీవీ పరికరమే ఆధారం
డిజిటల్‌ టీవీ చూసేందుకు తయారైన ఆర్‌టీఎల్‌ చిప్‌ రిసీవరు రేడియో తరంగాలను అంకెలుగా మార్చి కంప్యూటరుకు నేరుగా అందించగలదని 2012లో వెలుగులోకి వచ్చింది. తరంగం ఎంత దూరం కదిలిందో ఆ అంకెల నుంచే సాఫ్ట్‌వేర్‌ లెక్కగడుతుంది. స్టీరియో ప్రసారంలో ఉండే 19 కిలోహెర్ట్జ్‌ పైలట్‌ సంకేతం స్థాయిని కూడా చూపుతుంది. అది సాధారణంగా మొత్తం మాడ్యులేషన్‌లో 8 నుంచి 10 శాతం ఉండాలి.

తొందరపడితే తప్పు లెక్క
కొండలు, భవనాలకు తగిలి వచ్చే ప్రతిబింబ తరంగాల వల్ల, బలహీన సంకేతంలోని గరగర వల్ల లేని హెచ్చు కనిపిస్తుంది. సంకేతం మరీ బలంగా ఉంటే 8 బిట్ల రిసీవరు తట్టుకోలేదు. అప్పుడు గెయిన్‌ తగ్గించాలి. సాఫ్ట్‌వేర్‌లో వడపోత ఇరుకైతే అసలు కన్నా తక్కువ స్థాయి నమోదవుతుంది. దాదాపు 250 కిలోహెర్ట్జ్‌ వెడల్పు తప్పనిసరి. ట్రాన్స్‌మిటర్‌ స్తంభం నేరుగా కనిపించే చోట, వార్తలు, పాటలు రెండూ వచ్చే సమయాల్లో ఎక్కువసేపు కొలవాలి. క్షణకాలం కనిపించిన హెచ్చును బట్టి తీర్పు చెప్పరాదు.

ఈ చౌక కొలత అధికారిక తనిఖీకి ప్రత్యామ్నాయం కాదు, ఒకరిపై నేరం మోపేందుకు సాక్ష్యమూ కాదు. అయితే ఫిర్యాదు రాకముందే తన లోపాన్ని తానే గుర్తించే వీలు చిన్న కేంద్రానికి కలుగుతుంది. జిల్లాల్లోని ఇంజినీరింగ్‌ కళాశాలలు ఏటా ఒకటి రెండుసార్లు ఈ పరీక్షకు సహకరిస్తే విద్యార్థులకు అనుభవం, శ్రోతలకు స్పష్టమైన మాట దక్కుతాయి.