పిండిపొడులపై గుత్తాధికారము

అభ్యంగనస్నానమునాడు ఒంటిజిడ్డును సున్నిపిండితో వదల్చుకొనుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పిండి జిడ్డును పీల్చునన్న సంగతి ఏ యొక్కరి సొత్తును గాదు. ఐనను, చర్మమునందలి జిడ్డును, చెమ్మను పీల్చుటకై రసాయనికముగా మార్చిన పిండిపొడులకు పేటెంటు నీయవచ్చునా యను ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు.

మొక్కజొన్న, కర్రపెండలము మున్నగువాని పిండి చెమటకు తడిసి ముద్దగట్టును. దానిని ఆక్టెనైల్ సక్సినిక్ ఆన్‌హైడ్రైడుతో కలిపి ఎస్టరుగా మార్చి, అల్యూమినియము లవణముగ జేసినచో, ఆ పొడి తడికి ముద్దగట్టక జలజల జారుచు, నూనెను పట్టుకొనును. ఇది నిజముగా మేధాశ్రమచే సాధింపబడిన మార్పు. ఇట్టి పిండిఎస్టరులపై కాల్డ్‌వెల్, వుర్జ్‌బర్గ్ అనువారికి అమెరికాలో 1953లో పేటెంటు లభించెను. ఆనాటి పదునేడేండ్ల గడువు 1970లో తీరెను. నాటినుండి ఆ విద్య లోకమున కెల్ల ఉమ్మడి సొత్తయ్యెను.

శ్రమించినవానికి కొంతకాలము ఫలము, పిమ్మట లోకమునకు జ్ఞానము: పేటెంటునందలి ఒడంబడిక యిదియే. దీనిని మేము ఆక్షేపింపము. గడువు తీరినపిదప లవణము నించుక మార్చి, రేణువును కొంత సన్నముచేసి, మరల ఇరువదియేండ్ల గుత్త కోరుటనే ఆక్షేపించుచున్నాము.

మన 1970 నాటి పేటెంటు చట్టమునకు 2005లో జరిగిన సవరణ ఇందుకు అడ్డుకట్ట వేసినది. తెలిసిన పదార్థముయొక్క లవణములు, ఎస్టరులు, రేణుపరిమాణ భేదములు ప్రభావమున గణనీయమైన ఆధిక్యము చూపిననే తప్ప, ఆ పదార్థముగానే యెంచవలెనని 3(డి) సెక్షను శాసించుచున్నది. వస్తువులను కలుపగా వాని గుణములు కూడుటయే తప్ప వేరు ఫలము లేనిచో 3(ఇ) అడ్డుపడును. ప్రభావమును వస్తువుయొక్క ప్రయోజనమునుబట్టి కొలువవలెనని సుప్రీముకోర్టు 2013 ఏప్రిలు 1వ తేదీన నోవార్టిస్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది. మందునకు రోగనివారణము కొలత యగునెడల, ఈ పొడికి పీల్చుశక్తియే కొలత కావలెను. గ్రాము పొడి యెంత నూనెను, ఎంత తడిని పట్టినదో పాతపొడితో సరిపోల్చి అంకెలతో చూపవలెను. మృదువనియు హాయియనియు వర్ణించిన చాలదు.

ఇంత కఠినమైనచో పరిశోధన కుంటుపడునని కొంద రందురు. నిజముగా మేలైన పొడిని కనుగొన్నవానికి అంకెలు చూపుటలో నష్టమేమి? అంకెలు లేకయే గుత్త నిచ్చినచో, గోదావరి మెట్టసీమలో కర్రపెండలము పండించు రైతును, ఆ పిండితో చిన్న పరిశ్రమ నెలకొల్ప నెంచిన యువకుడును నష్టపోవుదురు.

పసుపుపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్రజ్ఞులు ప్రతిఘటింపగా 1997లో అది రద్దయ్యెను. మన దేశమున దరఖాస్తు ప్రకటితమైన పిమ్మట, పేటెంటు మంజూరగుటకు ముందే, ఏ వ్యక్తియైనను ఆక్షేపణ తెలుపుటకు 25వ సెక్షను హక్కొసగినది. కళాశాలలందలి రసాయనశాస్త్ర పండితులును, మావంటి న్యాయవాదులును చేయిగలిపి ఈ దరఖాస్తులను చదువవలెను. చదువక మిన్నకుండి పిమ్మట వగచిన ప్రయోజనము లేదు.