సుంకం లేని నది

మన చెన్నూరులో గోదావరి ఉత్తరవాహిని అని చెప్పుకొని పొంగిపోతాము. కాని ఆ నది ఒకనాడు రెండు ప్రభుత్వాల మధ్య వర్తకపు ఒడంబడికకు వస్తువైనదని మన విద్యార్థులకు చెప్పేవారు అరుదు.

1860 డిసెంబరులో నిజాము ప్రభుత్వానికీ ఆంగ్ల ప్రభుత్వానికీ ఒక సంధి కుదిరింది. ఉభయ రాజ్యాలకు సరిహద్దుగా ప్రవహించినంత మేర గోదావరిమీదా, దాని ఉపనదులమీదా సాగే సరుకుకు సుంకం ఉండరాదని అందులో వ్రాసుకున్నారు. నిజాముకు రాయచూరు దోయాబు వంటి ప్రాంతాలు తిరిగి దక్కాయి. ఎడమగట్టు భూములు ఆంగ్లేయుల పరమయ్యాయి. మనకు తూర్పున, ప్రాణహితకు ఆవల ఉన్న సిరొంచ వాటిలోనిదే.

ఇంతకూ ఆ నదిమీద వారికి అంత మక్కువ ఎందుకు? ప్రత్తికోసం. బీరారు ప్రత్తిని పడవలమీద సముద్రతీరానికి దింపి, లాంకషైరు మిల్లులకు చేర్చాలని వారి సంకల్పం. సర్ ఆర్థర్ కాటన్ ఈ జలమార్గాన్ని పట్టుదలతో సమర్థించాడు.

సుంకం తొలగింది కాని నదిలోని బండలు తొలగలేదు. వేసవిలో నీరు చాలలేదు. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరగానే ప్రత్తి పడమటి దారి పట్టింది. 1871లో జలమార్గపు పనులు మానివేశారు. అనుకున్న పడవల బారులు రాలేదు. గీసిన సరిహద్దు మాత్రం చెరగలేదు. సిరొంచ నేడు మహారాష్ట్రలో ఉన్నది. ఒడంబడిక తలుపు తీయగలదే కాని బాట వేయలేదు.

ఇది గతించిన కథ అనుకోరాదు. నేడు మన చేలలో పండేదీ ప్రత్తియే. 2021లో దిగుమతి ప్రత్తిపై మన ప్రభుత్వం మొత్తం 11 శాతం సుంకం విధించింది. 2022 డిసెంబరు 29న అమలులోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియానుండి ఏటా 51,000 టన్నుల ప్రత్తి సుంకం లేకుండా రావచ్చును. ప్రతిగా మన వస్త్రాలకు ఆ దేశంలో సుంకం పోయింది. ఇక 2025 ఆగస్టులో ఏ ఒప్పందమూ లేకుండానే ప్రభుత్వం తనంతట తాను ఆ సుంకాన్ని ఆ ఏడాది చివరివరకు ఎత్తివేసింది. మన రైతు ప్రత్తి ఏరి అంగడికి తెచ్చే నెలలు సరిగా అవే!

మిల్లుకు చౌక ప్రత్తి కావాలి. అక్కడ పనిచేసేవారూ మన బిడ్డలే. కనుక ఒప్పందాలే వద్దనడం అవివేకం. అయితే లాభం ఒక ఇంటా, నష్టం మరొక ఇంటా పడుతున్నప్పుడు, నష్టపడిన ఇంటికి ఆసరా ఏమిటో ముందే నిర్ణయించడం ధర్మం. 1860లో నదీతీరపు రైతును అడిగినవారు లేరు. ప్రజాప్రభుత్వంలో నేటి రైతునైనా అడగవద్దా?

ఉపాధ్యాయ మిత్రులారా! తరగతిలో పటం విప్పినప్పుడు ప్రాణహితను చూపి ఈ కథ చెప్పండి. తండ్రి పండించిన ప్రత్తి ధర ఎక్కడెక్కడ నిర్ణయమవుతున్నదో తెలిసిన బిడ్డ, రేపు ఆ నిర్ణయంలో తన మాట ఏదని అడుగుతాడు.