వేలు పడనివాళ్ల లెక్క ఎవరు తీస్తారు?

బెజవాడ సుఖంగా ఉందా? పాలకుల దగ్గర ఈ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ సిద్ధమే. అంకెల్లో చెబుతారు. 2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 111 నగరాలకు బతకడానికి ఎంత వీలుగా ఉన్నాయో మార్కులు వేసి విజయవాడకు 9వ స్థానం ఇచ్చింది. 2021 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో దేశంలో 3వ శుభ్రమైన నగరం మనదే అన్నారు. 2018 ఏప్రిల్‌లో అమరావతి పేరు మీద ఆనంద నగరాల సదస్సు కూడా జరిపారు. అంతకు ముందే, 2017 నవంబరులో, వెలగపూడి సచివాలయంలో గోడంత తెరలతో ఆర్టీజీ కేంద్రం తెరిచి, ఏ పథకం మీద జనం ఎంత శాతం తృప్తిగా ఉన్నారో ఫోన్లు చేసి లెక్క కట్టారు. ఆ తర్వాత ప్రభుత్వాలు మారాయి గానీ ఈ శాతాల మోజు మారలేదు. ఫోన్ మోగుతుంది, తృప్తిగా ఉంటే ఒకటి నొక్కమంటుంది.

ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందని మేము అడుగుతున్నాం. మన పల్లెల్లో ఇంటికి ఒక ఫోన్ ఉంటే అది కొడుకు జేబులో ఉంటుంది. కొడుకేమో హైదరాబాదులో సెంట్రింగు పనిలో ఉంటాడు. ఇక్కడ తల్లికి బియ్యం అందాయా అంటే, అక్కడ పరంజా మీద నుంచి వాడు ఒకటి నొక్కుతాడు. తల్లి తృప్తిపడ్డట్టు తెర మీద పడుతుంది.

మేము కంప్యూటర్ వద్దనేవాళ్లం కాదు. కుల సర్టిఫికెట్ కోసం మండలాఫీసు అరుగు మీద మన పిల్లలు ఎన్ని పూటలు పడిగాపులు కాశారో, గుమస్తా చేతిలో ఎంత పెడితే కాగితం కదిలేదో బడిపంతుళ్లుగా మాకు తెలుసు. 1990ల చివర్లోనే విజయవాడ కార్పొరేషన్ 'వాయిస్' పేరుతో జనన మరణ సర్టిఫికెట్లను, పన్నులను కంప్యూటర్ మీదకు తెచ్చింది. 2025 జనవరి 30న 'మన మిత్ర' అని వాట్సాప్‌లోనే 161 సేవలు మొదలుపెట్టారు. బస్సు చార్జీ, ఒక రోజు కూలి మిగిలితే మంచిదే గదా. ఎవరికి మిగిలిందో మాత్రం పల్లెకొచ్చి చూడాలి.

రేషన్ సంగతి తీసుకోండి. వేలిముద్ర మిషన్లు పెట్టిన తొలి జిల్లాల్లో మన కృష్ణా ఒకటి. 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులో జస్టిస్ చంద్రచూడ్ మిగతా జడ్జీలతో విభేదించి విడిగా తీర్పు రాశారు. అందులో ఆంధ్రప్రదేశ్ రేషన్ షాపుల మీద 2015లో జరిగిన ఒక సర్వే ఉంది. 790 మంది కార్డుదార్లను అడిగితే 400 మంది తమకు సరుకు రాలేదన్నారు. 290 మందికి వేలిముద్ర కలవలేదు. 93 మందికి ఆధార్ కలవలేదు. మిషన్ పనిచేయక పోయినవి 17. రాష్ట్రంలో సగం మందికి బియ్యం రాలేదని దీనికి అర్థం కాదు, అలా చెబితే మనమూ అంకెలతో ఆడుకున్నట్టే. కానీ ఆ 17ను మళ్లీ ఒకసారి చూడండి. 383 మంది దగ్గర మిషన్ చక్కగా పనిచేసింది. చక్కగా పనిచేస్తూనే నువ్వు నువ్వు కాదు పొమ్మంది. తెర మీద చూసే అధికారికి మిషన్లన్నీ నడుస్తున్నట్టే కనబడుతుంది.

ఎవరి వేళ్లు అరుగుతాయి? డెల్టా బురదలో ముప్ఫై ఏళ్లు నాట్లేసిన మన ఆడవాళ్లవి. ఇటుక బట్టీల్లో, బ్లీచింగ్ పౌడర్లో పనిచేసేవాళ్లవి. కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టే వేలికి ఈ బాధ లేదు. నగరానికి 3వ ర్యాంకు ఊడ్చి తెచ్చిన చేతులకే ముద్రలు పడకపోతే, ఆ ర్యాంకు ఎవరి సుఖాన్ని కొలిచినట్టు? వాళ్ల హాజరుకూ ముఖం చూసే యాప్ పెట్టారు. తెల్లారకముందే చీపురు పట్టినవాడు ముందు ఫోన్‌కు మొహం చూపించాలి. కాంట్రాక్టు కార్మికుడికి పర్మినెంటు ఎప్పుడో చెప్పే యాప్ మాత్రం ఇంకా రాలేదు.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడిచిన మాట నిజం. ఆకలి మీదున్నవాడికి అది మేలే. అయితే బుడమేరు గట్టు తెగిన కబురు, నేల మీద పడుకున్నవాళ్లకు నీళ్ల కంటే ముందు చేరిందా? తర్వాత కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు అన్నారు. డబ్బు ఖాతాలో పడాలంటే పేరు లిస్టులో ఉండాలి. లిస్టులో లేనివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. డెల్టా ఊళ్ల నుంచి వెళ్లి అద్దె గదుల్లో ఉంటున్న మనవాళ్లకు ఆధార్ మీద ఊరి అడ్రసు, గదిలో నడుముల్లోతు నీళ్లు.

ఇది కొత్త మోసమేమీ కాదు. మహద్‌లో చెరువు అందరిదీ అని మునిసిపాలిటీ 1924లోనే తీర్మానం రాసుకుంది. ఆ రికార్డు చూస్తే అంటరానివాళ్ల దాహం తీరినట్టే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ జనంతో కలిసి వెళ్లి దోసిట నీళ్లు తీసుకున్నారు, ఆ తర్వాత ఎవరికి దెబ్బలు పడ్డాయో చూస్తేగానీ అసలు లెక్క తేలలేదు.

కాబట్టి సంఘాల వాళ్లకు ఈ పక్షం ఒక పని పెడుతున్నాం. ఒక్కో పల్లెకు ఒక నోటుబుక్కు పెట్టండి. ఇంటింటికీ వెళ్లి రాయండి: ఈ నెల వేలు పడక ఎన్నిసార్లు తిరిగారు, ఎన్ని రోజుల కూలి పోయింది, నెట్ సెంటర్లో ఎంత ఇచ్చారు, ఎవరి ఫోన్‌తో పని చేయించుకున్నారు, ఆఖరికి పని అయిందా లేదా. 2025 జూన్‌లో బియ్యం బండ్లు ఆపి మళ్లీ షాపులకు మార్చినప్పుడు 65 ఏళ్లు దాటినవాళ్లకు, వికలాంగులకు ఇంటికే ఇస్తామన్నారు. ఇచ్చారా అని ఆ ముసలివాళ్లనే అడగండి, డీలర్ని కాదు. సింగ్‌నగర్‌లో, పాయకాపురంలో ఉన్న మన ఊళ్ల కుటుంబాలనూ వదలొద్దు. పేర్లు మాకు పంపనక్కర్లేదు, ఇంటికొక వరుస నంబరు చాలు. మాకు అందిన లెక్కలు ఊరి పేరుతో ఈ పేజీల్లోనే వేస్తాం. గ్రామసభలో చదవడానికి ఒక కాపీ మీ దగ్గరే ఉంచుకోండి.