పుట్టిన సంవత్సరం ఎవరిది?

గేమ్ ఖాతాలో నీ వయసెంత అని ఆరో తరగతి పిల్లలను అడిగితే ముప్పై ఎనిమిది, నలభై రెండు అని చెప్తారు. కావాలని ఆడే అబద్ధం కాదది. ఫోన్ నాన్నది, జీమెయిల్ నాన్నది, కాబట్టి వయసూ నాన్నదే.

బెళుగుప్ప లాంటి చోట చాలా ఇళ్లలో మంచి ఫోన్ ఒకటే ఉంటుంది. స్కూల్ హోంవర్క్, శనక్కాయల రేటు, ఫోన్‌పే అన్నీ అందులోనే. సాయంత్రం హోంవర్క్ చూడాలని తీసుకున్న ఫోన్‌లోనే గేమ్ కూడా తెరుచుకుంటుంది. అప్పుడు ఆడుతున్నది పదకొండేళ్ల పిల్లవాడని ఆ గేమ్‌కు తెలిసే దారి లేదు.

కంపెనీలకు నియమాలు లేవని మనం అనుకుంటాం. ఉన్నాయి. బీజీఎంఐ 2021లో విడుదలయ్యేటప్పుడు 18 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, రోజుకు మూడు గంటలే ఆడనిస్తామని ప్రకటించారు. రోబ్లాక్స్ 2023లో తన ఆటల్లో ప్రకటనలు మొదలుపెట్టినప్పుడు 13 ఏళ్లలోపు వారికి అవి చూపబోమంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా, అమలు దశలవారీగా సాగుతున్నా, పిల్లలను గురిపెట్టి ప్రకటనలు వేయరాదంటోంది. ఇవన్నీ నిలబడేది ఒక్క గడి మీద: పుట్టిన తేదీ. అక్కడ 1985 అని ఉంటే పిల్లవాడి కోసం రాసిన రక్షణ ఒక్కటీ వాడికి వర్తించదు. పెద్దవాళ్ల ప్రకటనలు, పెద్దవాళ్ల చాట్, పెద్దవాళ్ల కొనుగోళ్లు అన్నీ వాడి ముందుకే వస్తాయి.

ఆ నియమాలు రాసినవాళ్ల దృష్టిలో మన ఊళ్లు ఉన్నాయనీ నేననుకోను. అదే బీజీఎంఐ మైనర్లు పెట్టగల ఖర్చుకు అప్పట్లో పెట్టిన పరిమితి రోజుకు 7,000 రూపాయలు. పీఎం కిసాన్ కింద రైతుకు ఏడాది మొత్తానికి వచ్చేది 6,000. అందుకే పరిమితి కంపెనీకి వదిలేయకుండా మన ఇంటికి తగ్గట్టు మనమే పెట్టుకోవాలి.

ఇక ప్రకటనలు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటి ఆటలను మన రాష్ట్రం 2020 సెప్టెంబరులోనే నిషేధించింది. అదే ఏడాది డిసెంబరు నుంచి, ఇలాంటి ప్రకటనల్లో 18 ఏళ్లలోపు వాళ్లు ఆడుతున్నట్టు చూపకూడదని, దీన్ని సంపాదనగా చెప్పకూడదని ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాలు పెట్టింది. అయినా ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి క్రికెట్ మధ్యలో అవే ప్రకటనలు చూశాం. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, ఇలాంటి ఆటకు ప్రకటన వేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉంటుందనేసరికి భారత జట్టు జెర్సీ మీద నుంచి డ్రీమ్11 పేరు పోయింది.

కానీ పిల్లలు ఆడే ఫ్రీ ఫైర్ మ్యాక్స్, బీజీఎంఐ ఆ నిషేధంలోకి రావు. వాటిలో డబ్బు గెలవడం ఉండదు, తుపాకీ రంగులు, డ్రెస్సులు కొనడం ఉంటుంది. అక్కడే ‘ఫ్రీ డైమండ్స్’ అంటూ బయటి లింకులు మొదలవుతాయి. నొక్కి పాస్‌వర్డ్ ఇస్తే ఖాతా పోతుంది, ఓటీపీ కూడా చెప్తే ఫోన్‌పేకే ముప్పు.

చాట్ సంగతీ చెప్పాలి. ‘నూబ్’ అనే ఇంగ్లిష్ ముక్క నేను క్లాసులో నేర్పలేదు, అయినా అందరికీ వచ్చు! తిట్టకూడదు, బెదిరించకూడదు, ఊరు పేరు, ఫోన్ నంబర్ అడగకూడదు అని ఈ కంపెనీలు రాసుకున్నాయి. ఎవరైనా అలా చేస్తే ఫిర్యాదు చేయడానికి రిపోర్ట్ బటన్ ఉంటుంది. ఆ బటన్ తెలిసిన పిల్లలు కూడా ఇంట్లో మాత్రం చెప్పరు. చెప్తే మొదట పోయేది ఫోన్ అని వాళ్లకు తెలుసు.

అందుకే ‘ఫోన్ లాగేసుకుంటే సరి’ అనే తల్లిదండ్రులతో నేను ఏకీభవించను. లాగేసుకున్న ఇంటి పిల్లవాడు పక్కింటి అన్న ఫోన్‌లో ఆడతాడు. అక్కడ వాడికి ఎదురైన బెదిరింపు మీదాకా రాదు. ‘ఎవరైనా తప్పుగా మాట్లాడితే నాకు చూపించు, ఫోన్ తీసుకోను’ అని ముందే మాటిచ్చి, ఆ మాట నిలబెట్టుకోవడం ఇంతకంటే కష్టమే. కానీ విషయం మీకు తెలిసేది అప్పుడే.

చేయాల్సింది అరగంట పని. గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో పిల్లవాడి పేరున, అసలు పుట్టిన తేదీతో విడిగా ఖాతా తెరవండి. డబ్బేమీ కట్టక్కర్లేదు. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ మీ అనుమతి అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ పిల్లల ముందు నొక్కకండి, ‘నాన్నా, కాస్త నొక్కు’ అని వాళ్ల చేతికి అసలే ఇవ్వకండి.

సెట్టింగ్స్ ఇంగ్లిష్‌లో ఉన్నాయని ఆగిపోవద్దు. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు ఫోన్, పిల్లవాడు ఇద్దరినీ తీసుకురండి. ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం అయ్యాక నేను పక్కన కూర్చుంటాను. వాడే చదివి మీకు తెలుగులో చెప్తాడు, మీరు తేదీ మార్చండి.